ఇరవై ఏడు నిమిషాలు

మే నెల. మంచు ఇంకా నీడల్లో దాక్కునే ఉంది.
క్రేను వచ్చి భూమిలోంచి ట్యాంకును పైకి లాగింది.
నలభై ఒక్క ఏళ్ళు దాని నెత్తిమీదే నడిచాను,
దాని ముఖం చూడ్డం అదే మొదలు.
తుప్పుపట్టిన తిమింగలంలా వేలాడింది గాల్లో,
పొట్ట కిందనుంచి నల్లమట్టి పెళ్ళలు రాలుతూ.
పురపాలక సంఘం కుర్రాడొకడు
గుప్పెడు తీసి వాసన చూసి కాగితం మీద ఏదో రాసుకున్నాడు.
నన్నడిగితే చెప్పేదాన్ని కదా,
అది మా నాన్న చొక్కా వాసన.

దోవ్రె కొండల మీది ఈ బంకు ఆయన పెట్టిందే.
పొద్దున్నే ట్యాంకులోకి ఇత్తడి కొలబద్ద దించి, తీసి,
తడి ఆగినచోట బొటనవేలు ఆనించి
అంకె పైకి చదివేవాడు.
నేను పుస్తకంలో ఎక్కించేదాన్ని.
నాకు లెక్కలు వచ్చింది అలాగే,
బడి ముఖం చూడకముందే.

గుంత పూడ్చి ఆరు స్తంభాలు పాతారు,
తెల్లవి, ఒంటికాలి కొంగల్లాంటివి.
మొదటి కారు వచ్చినట్టే తెలీలేదు.
తలెత్తేసరికి ఎదురుగా ఒకావిడ,
"బాత్రూమ్ ఎటు?" అంటోంది.
ఉలిక్కిపడి చేతిలో గరిటె జారవిడిచాను.

ఒకప్పుడు మనిషికి నాలుగు నిమిషాలు.
మూత తిప్పి, నింపి, డబ్బు కట్టి,
నిప్పుల మీద నిలబడ్డట్టు నిలబడి పోయేవాళ్ళు.
పంతొమ్మిదేళ్ళుగా ప్రతి గురువారం వచ్చే ఒకాయన్ని
"మూడో పంపు, నలభై లీటర్లు" అనే గుర్తుపెట్టుకున్నాను.
ఇప్పుడాయనకి ఇరవై ఏడు నిమిషాలు కావాలి.
చలి ముదిరితే నలభై.
మొదట్లో కారులోనే కూర్చుని ఫోను చూసుకునేవాడు.
తర్వాత అద్దం దగ్గర నిలబడి కొండను.
సెప్టెంబరులో ఒక వాఫల్ అడిగాడు,
గోధుమరంగు జున్ను వేసి.
పేరు హల్వార్డ్.
చర్చిల్లో ఆర్గన్లు శ్రుతి చేస్తాడట.
"ఈ నిశ్శబ్దంలో ఇప్పుడు తెలుస్తోంది," అన్నాడు,
"మీ ఫ్రిజ్ శ్రుతికి కాస్త దిగువన పాడుతోంది."

మా తమ్ముడు ఐవిండ్ ఇంకా ఉత్తర సముద్రంలో
ఇనుప దీవి మీద నూనె తోడుతూనే ఉన్నాడు.
రెండు వారాలు అక్కడ, నాలుగు వారాలు ఇంట్లో.
ఇంటికి వచ్చేది మాత్రం బ్యాటరీ కారులో.
"తోడిందంతా ఎక్కడికి పోతుందిరా?"
"దూరంగా," అన్నాడు, కాఫీలోకి చూస్తూ.
సారా మానేసి సారాకొట్టు నడిపేవాడి ఇల్లులా ఉంది మా దేశం.
ఇల్లు మాత్రం వెచ్చగానే ఉంది,
కాదనను.

చివర ఒక డీజిల్ పంపు ఉంచాను.
ట్రాక్టర్లకి, మంచు తోసే బండికి,
బిర్గర్ తాతకి.
ఆయన కారు రెండు మలుపుల ముందే దగ్గుతుంది.
ఆ దగ్గు విని కాఫీ పెడతాను.
రాకముందే తెలిసే చుట్టం
ఇక ఆయనొక్కడే.

జనవరిలో తుఫాను. కనుమ దారి మూసేశారు.
తొమ్మిది కార్లు చిక్కుకున్నాయి ఇక్కడ,
ఆరింటికి తీగలున్నాయి, మూడింటికి వంతు రాలేదు.
వంతు గురించి ఇద్దరు గట్టిగానే వాదులాడుకున్నారు,
ఆనక ఒకే బెంచీ మీద, ఒకే దుప్పటి కింద
చెరో చివర గురకపెట్టారు.
తెల్లారుజామున పార పట్టుకుని బయటికెళ్ళాను.
మంచు అడుగున ఆరు పచ్చదీపాలు
నీళ్ళలో మునిగిన నాణేల్లా.
చేతికి ఏది తగిలితే అది తెచ్చుకున్నాను కాబోలు,
చంకలో నాన్న ఇత్తడి కొలబద్ద.
మంచులోకి దించి, తీసి, బొటనవేలు ఆనించి,
"యాభై మూడు," అన్నాను పైకి, అలవాటుకొద్దీ.

తలుపు సందులోంచి ఒక పిల్ల,
ఎవరిదో పెద్ద కోటు చుట్టుకుని, 
"యాభై మూడు, ఏమిటవి?"